ముత్తంగి నుంచి పోతిరెడ్డిపల్లికి రెండు రోజులు

సంగారెడ్డి వెళ్లొచ్చానంటే ఏం చూశావని అడుగుతున్నారు. మా వీధిలో ఇప్పటికి నలుగురు అడిగారు. మంజీర నది చూడలేదు. పాత జైలూ చూడలేదు. ఫ్యాక్టరీల గేట్లు, లారీల వెనక చక్రాలు, మా కారు ముందు భాగం, ఆ కారు కింద నుంచి బయటికి కనిపించే మా ఆయన కాళ్లు మాత్రం తీరిగ్గా చూశాను. కాబట్టి వాటి గురించే రాస్తాను.

మా తమ్ముడు శ్రీను ఇరవై ఏళ్లుగా పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. అక్కడి పిల్లనే, స్వరూపను, చేసుకున్నాడు. సంగారెడ్డి ఊరి బయట పోతిరెడ్డిపల్లిలో మామగారిచ్చిన జాగాలో ఇల్లు కట్టుకున్నాడు. శుక్రవారం పొద్దున్నే ఆరూ ఇరవైకి గృహప్రవేశం. ఆ ఇంటికి ఉన్న ఒక్కగానొక్క ఆడపడుచును నేను. పాలు పొంగించాల్సింది నేనే.

మామూలు వాళ్లయితే ఏలూరులో రైలెక్కి సికింద్రాబాదులో దిగుతారు. మేం మామూలు వాళ్లం కాదు. నాలుగేళ్ల క్రితం శ్రీను కూతురి ఫంక్షనుకు మా పాత డీజిల్ కారులో బయల్దేరి, దారిలో అది ఆగిపోయి, జనం భోజనాలు చేసి చేతులు కడుక్కుంటుండగా చేరాం. శ్రీను అందరిముందూ, "బావా, దాన్ని తుక్కుకిచ్చేసి బస్సెక్కు," అన్నాడు. బంధువులు నవ్వారు. మా ఆయన విస్తరి ముందు కూర్చోకుండానే బయటికొచ్చేశారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"గృహప్రవేశానికి వస్తాను, కానీ ఈ కారులోనే వస్తాను," అన్నారీయన. నాకూ ఈసారి ఒంటరిగా వెళ్లి, మీవారేరీ అని ప్రతివాళ్లూ అడుగుతుంటే నవ్వుతూ నిలబడే ఓపిక లేదు. సరేనన్నాను.

బుధవారం: ముత్తంగి

మా ఆయన కరెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు బిల్లులు రాశారు కనుక కరెంటు తనకు తెలుసనుకుంటారు. కరెంటు తెలిసినవాడికి కారు తెలియకపోవడమేమిటన్నది ఆయన తర్వాతి వాదన. ఈ నాలుగేళ్లలో ఆ కారుకు చేయని చికిత్స లేదు. చివరిది ఆయిల్ కూలర్.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. నేనూ బలవంతాన నేర్చుకున్నదే. ఇంజనులో తిరిగే ఆయిల్ మరీ వేడెక్కితే నీళ్లలా పల్చబడి ఇంజను పాడవుతుంది. అందుకని పలకంత జాలీ పెట్టె ఒకటి కారు ముందు బిగించి, ఆయిల్‌ను గొట్టాల్లోంచి దానిలోకి పంపి, చల్లార్చి వెనక్కి తెస్తారు. కారు పరుగెడుతుంటే ఎదురుగాలి ఆ జాలీలోంచి దూసుకుపోతుంది, ఆయిల్ చల్లబడుతుంది. ఏలూరు నుంచి సూర్యాపేట దాకా, అక్కడి నుంచి హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు దాకా ఎదురుగాలికి లోటు లేదు. డాష్‌బోర్డు మీద తను కొత్తగా బిగించిన, ఆయిల్ వేడిని చూపే గుండ్రటి మీటరును మా ఆయన ప్రతి పది నిమిషాలకూ చూపించి, "చూశావా, సూది కదల్లేదు," అన్నారు. ఆ సూదిని చూసీ చూసీ నేను చిట్యాల దగ్గర నిద్రపోయాను.

ముత్తంగి దగ్గర రింగు రోడ్డు దిగాం. అంతే, గాలి అయిపోయింది. రోడ్డు వెడల్పు పనుల వల్ల సగం రోడ్డు తవ్వి ఉంది. మిగిలిన సగంలో బొంబాయి వైపు పోయే లారీలు, కంపెనీ బస్సులు, ఆటోలు, వాటి మధ్యలో మేం. ముప్పావుగంటలో కిలోమీటరు కదిలామేమో. మే నెల, మధ్యాహ్నం మూడు. కదలనని ఒట్టు పెట్టుకున్న సూది లేచి ఎర్రగీత దగ్గరికొచ్చింది. ఆయిల్ ప్రెజర్ దీపం మిణుకుమిణుకుమంది. మా ఆయన ఇంజను ఆపేశారు. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యడం మర్చిపోయాడు.

పోతిరెడ్డిపల్లి అక్కడికి పాతిక కిలోమీటర్లు కూడా లేదు. శ్రీను పనిచేసే పాశమైలారం ఇంకా దగ్గర.

"శ్రీనుకు ఫోన్ చేస్తానండీ," అన్నాను.

"చేశావో, నేనిక్కడి నుంచే వెనక్కి," అన్నారు.

వెనక్కి ఎలా వెళ్తారో నాకర్థం కాలేదు. కారు ముందుకే పోవడం లేదు.

ఒక ట్రాలీ ఆటోవాడు తాడు కట్టి మమ్మల్ని వెనక్కి, పటాన్‌చెరుకు లాగాడు. రాత్రికి లాడ్జి. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. కానీ లారీలన్నీ మా కిటికీ కిందే గేర్లు మారుస్తున్నట్టు ఉంది. స్వరూప ఫోన్ చేసింది.

"వదినా, ఏడిదాంక వచ్చిన్రు?"

"ఇదిగో, హైదరాబాదులో ఆగామమ్మా, స్నేహితుల ఇంట్లో. రేపు వచ్చేస్తాం."

అబద్ధం చెబుతూ మా ఆయన వైపు చూశాను. ఆయన లాడ్జి తువ్వాలుతో మీటరు అద్దం తుడుస్తున్నారు. కారులోంచి దాన్ని కూడా ఊడదీసి పైకి తెచ్చుకున్నారు.

గురువారం పొద్దున: సత్తన్న షెడ్డు

లాడ్జి ఎదురుగా ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ బాగుంది. చట్నీ అడిగితే పల్లీచట్నీ ఇచ్చారు, అల్లం చట్నీ అడిగితే నా మొహం చూశారు. టీని ఇక్కడ ఛాయ్ అంటారు. మా ఊళ్లో గ్లాసు నిండా ఇచ్చే ధరకు ఇక్కడ మూడు గుక్కలు వస్తుంది. ఆ మూడు గుక్కలూ మాత్రం మా ఊరి గ్లాసుకు సమానం.

లాడ్జివాళ్లు చెప్పిన ఆటో ఎలక్ట్రీషియన్ పేరు సత్తన్న. బొల్లారం పోయే రోడ్డు మీద రేకుల షెడ్డు. యాభై ఏళ్లుంటాయి, తలకు రుమాలు, నోట్లో టెస్టరు. మా ఆయన చెప్పిన నాలుగేళ్ల చరిత్రంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత టెస్టరు నోట్లోంచి తీశాడు.

"కూలర్ మంచిదే సారు. మీరు వెట్టింది కరెక్టే. గని బండి నిలబడితే దానికి గాలేది? ఫ్యాన్ గావాలె. కరెంటు ఫ్యాన్."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "నేననుకుంటూనే ఉన్నాను," అన్నారు. ఎప్పుడనుకున్నారో నాకు తెలియదు. అనుకుంటే ఏలూరులోనే పెట్టించవచ్చు కదా.

కొత్త ఫ్యాను పటాన్‌చెరులో మూడు షాపుల్లో లేదు. తెప్పించాలంటే సోమవారం అన్నారు. సోమవారానికి గృహప్రవేశం అయిపోయి, మా మరదలు నన్ను తలుచుకోవడం కూడా మానేస్తుంది. చివరికి సత్తన్న తన ఆటోలో బొల్లారం వైపు వెళ్లి, సెకండ్‌హ్యాండ్ సామాను అమ్మే చోటు నుంచి ఏదో కారు ఏసీకి వాడిన ఫ్యాను తెచ్చాడు. అడ్డం జానెడున్నర ఉంటుంది. మసి పట్టి, రెండు వైర్లూ ఒకే నలుపులో ఉన్నాయి. బ్యాటరీకి తగిలిస్తే గిర్రున తిరిగింది. మా ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

కూలర్ వెనక సందు లేదు కనుక ఫ్యాను ముందు బిగించాలి, గాలిని లోపలికి తోస్తుంది అన్నాడు సత్తన్న. అల్యూమినియం పట్టీలు కోసి, జాలీకి తగలకుండా రబ్బరు వాషర్లు వేసి, నీటుగా బిగించాడు. మంచి పనివాడు. తప్పు సత్తన్నది కాదు. డాష్‌బోర్డులో స్విచ్చు పెట్టి, ఫ్యూజు పెట్టి, ఇక చివరి రెండు వైర్లు కలపాలనగా రోడ్డు మీద లారీ ఒకటి లైట్లన్నీ పోయి నిలబడింది. డ్రైవరొచ్చి సత్తన్న చెయ్యి పట్టుకుని లాగాడు.

"పది నిమిషాలు సారు, జెర ఆగున్రి. జల్దీ వస్త."

మా ఆయన పది నిమిషాలు ఆగే మనిషి కాదు. రెండు వైర్లూ తానే కలిపారు. టేపు చుట్టడం ఆయనకు వచ్చు. ఎంత అందంగా చుట్టారంటే సత్తన్న తిరిగొచ్చి చూసి, "అరె, అయిపోయిందా?" అన్నాడు. స్విచ్చు వేస్తే ఫ్యాను తిరిగింది. అందరూ సంతోషించారు. నేను కారు ముందు నిలబడి ఉన్నాను. నా కాళ్లకు వేడిగాలి కొట్టింది.

"ఏమండీ, వేడిగాలి బయటికొస్తోంది," అన్నాను.

"వేడి బయటికి రావాలి కదే. దాని పనే అది!"

సత్తన్న అప్పటికే మళ్లీ లారీ దగ్గరికి పోయాడు. నేను నోరు మూసుకున్నాను. ముప్పై నాలుగేళ్ల కాపురంలో నేను నోరు మూసుకున్న ప్రతిసారీ నష్టమే జరిగింది.

మధ్యాహ్నం: బొల్లారం బస్సు షెడ్డు

రాత్రి ఊడదీసిన మీటరు మళ్లీ బిగించడానికి గంట పడుతుందన్నారు. లారీల పొగ భరించలేక నేను ఎదురుగా ఉన్న బస్సు షెడ్డులోకి వెళ్లి కూర్చున్నాను. మందుల కంపెనీల వాసన గాలిలో తేలుతోంది, పుల్లగా, గొంతు పట్టుకునేలా. నా పక్కన నలభై ఏళ్లావిడ కూర్చుని టిఫిన్ డబ్బా విప్పింది. నేను తల తిప్పుకునే లోపే, "అక్కా, తిన్నవా?" అంది. మా వైపు పరిచయం లేనివాళ్లను ఇలా అడగం. తిన్నానని అబద్ధం చెప్పాను. అది వినకుండా జొన్నరొట్టె సగం తుంచి, వెల్లుల్లికారం పెట్టి చేతికిచ్చింది. మా ఇంట్లో జొన్నరొట్టె షుగరు వచ్చాక డాక్టరు చెబితే తినేది. ఇక్కడ ఆకలేస్తే తినేది. తేడా నాలుక్కి తెలిసింది.

ఆవిడ పేరు అంజమ్మ. ఊరు వెలిమెల. ఒకప్పుడు ఆ ఊళ్లో వాళ్ల నాన్నకు మూడెకరాలుండేదట. ఇప్పుడక్కడ పెద్ద పెద్ద ఇళ్లు లేచాయి. తను బొల్లారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది, రెండో షిఫ్టు. నా సంగతి అడిగింది. కారు, ఫ్యాను, తమ్ముడు, లాడ్జి, అన్నీ చెప్పేశాను. ఇంట్లో వాళ్లకు చెప్పలేనివి బస్సు షెడ్డులో ఎంత తేలిగ్గా వచ్చేస్తాయో.

"తమ్ముడు ఈడ్నే ఉండంగ సడక్ మీద కూసున్నవా? ఏందక్కా గిది?"

"మా ఆయనకు పట్టుదల, అమ్మా."

అంజమ్మ గడ్డంతో షెడ్డు అవతలి కొసను చూపించింది. అక్కడ నీలం చొక్కా వేసుకున్న ఆయన ఒకరు ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నారు.

"గాయన మా అన్న. భూమి అమ్మినప్పుడు మాటమాట వెరిగింది. ఒక్కటే కంపెనీ, ఒక్కటే బస్సు. ఆయన ముందట కూసుంటడు, నేను ఎనక. ఏడేండ్లాయె."

"మీరే పలకరించవచ్చు కదా?"

"మొదట్ల కోపమొచ్చి మాట్లాడలే. ఇప్పుడు కోపం లేదు. గని ఏం మాట్లాడాల్నో సమజైత లేదు."

బస్సు వచ్చింది. ఆయన ముందు తలుపులోంచి ఎక్కాడు. అంజమ్మ డబ్బా మూసి, వెనక తలుపు దగ్గరికి పోయి, నా వైపు తిరిగి, "ఫోన్ కొట్టు అక్కా," అంది. కిటికీలోంచి చెయ్యూపింది కూడా.

ఇస్నాపూర్ చౌరస్తా

రెండింటికి బయల్దేరాం. ముత్తంగి దాటాం. ఇస్నాపూర్ దగ్గర మళ్లీ అవే లారీలు. మా ఆయన ఠీవిగా స్విచ్చు వేశారు. ఫ్యాను గుయ్యిమంది. సూది లేచింది. నిన్న ముప్పావుగంట పట్టింది, ఇవాళ ఇరవై నిమిషాల్లో ఎర్రగీత దాటింది. ఫ్యాను లేనప్పుడే నయం. ఆయన మీటరును వేలితో కొట్టారు, ఫ్యాను ఆపి వేశారు, వేసి ఆపారు. దీపం వెలిగింది. ఎలాగో కారును పక్కకు తోశాం. తోసింది ముఖ్యంగా నేను.

సరిగ్గా పాశమైలారం పోయే మలుపు ఎదురుగా ఆగాం.

మా ఆయన బానెట్ ఎత్తి దాని కింద తల పెట్టారు. నేను రోడ్డు దాటి, పుచ్చకాయల బండి పక్కన నిలబడి శ్రీనుకు ఫోన్ చేశాను. మా ఆయన వెనక్కి వెళ్లిపోతే వెళ్లిపోనీ అనుకున్నాను. బస్సులో ముందు సీటూ వెనక సీటూ నాకు వద్దు.

"తమ్ముడూ, ఇస్నాపూర్ చౌరస్తాలో ఉన్నాం. కారు ఆగింది."

"ఆడ్నే ఉండక్కా," అన్నాడు. వాడి భాష ఇప్పుడు సగం ఏలూరు, సగం పటాన్‌చెరు.

పది నిమిషాల్లో బండి మీద వచ్చాడు, ఒంటి మీద ఇంకా కంపెనీ యూనిఫామే. మా ఆయన తలెత్తి చూసి, మళ్లీ బానెట్ కిందికి దించుకున్నారు. శ్రీను కూడా బావా అనలేదు. నాతోనే, "అక్కా, కాగితముందా?" అన్నాడు. శుభలేఖ తీసిచ్చాను, వాడి ఇంటి శుభలేఖే. దాన్ని కారు ముందు జాలీ దగ్గర పెట్టి, ఫ్యాను వెయ్యమన్నాడు. లోపలికి గుంజుకుని అతుక్కోవాల్సిన కాగితం వాడి చేతిలోంచి ఎగిరి రోడ్డు మీద పడింది.

"గాలి ఉల్టా కొడుతోంది. ఇంజను వేడంతా కూలర్ మీదికే తోలుతోంది."

నా కాళ్లకు తగిలిన వేడిగాలి! నేను పొద్దున్నే చెప్పానని అరవబోయి, శ్రీను ముఖం చూసి ఆగాను. వాడు వంగి వైర్ల జాయింటు చూస్తున్నాడు. టేపు చుట్టిన తీరు చూశాడు. ఆ చుట్టడం ఎవరిదో వాడికి తెలుసు. వాడి పెళ్లయిన కొత్తలో కిరాయి ఇంటికి వైరింగు ఇద్దరూ కలిసే చేశారు.

"రెండు వైర్లూ నల్లగానే ఉన్నయ్, అటుదిటు కలిస్తే ఫ్యాను ఉల్టా తిరుగుతది. అమ్మినోడు గుర్తు వెట్టలే. ఎవరికైనా గిట్లనే అయితది," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

మా ఆయన బానెట్ కింద నుంచి తల బయటికి తీశారు. ముక్కు మీద నల్లటి మరక.

"కాదు శ్రీనూ," అన్నారు. "నేనే చూసుకోలేదు. మీ అక్క చెప్పింది కూడా. నేను వినలేదు."

ఈ మాట నా పెళ్లయ్యాక మొదటిసారి విన్నాను. దానికోసం ఇస్నాపూర్ దాకా రావలసి వచ్చింది.

శ్రీను నవ్వలేదు. "టేప్ ఉందా బావా?" అన్నాడు.

రెండు వైర్లూ అటుదిటు మార్చడానికి అయిదు నిమిషాలు. శుభలేఖ దుమ్ము దులిపి మళ్లీ పెడితే జాలీకి టపీమని అతుక్కుంది. ఇంజను చల్లారాక మళ్లీ ఆ లారీల మధ్యనే గంటన్నర పాకుతూ వెళ్లాం. శ్రీను బండి మీద పక్కనే వచ్చాడు. ఆగినప్పుడల్లా కిటికీలోంచి తల పెట్టి, "సూది ఎంత బావా?" అని అడిగాడు. సూది కదల్లేదు.

శుక్రవారం: పోతిరెడ్డిపల్లి

ఇల్లు బాగుంది. గడపకు పసుపు, పైన మామిడాకులు. ముందు రోజు సాయంత్రం స్వరూప నన్ను చూడగానే, "హైదరాబాదు నుంచి వచ్చిన మొకాలేనా ఇవి?" అంది. శ్రీను ముందే చెప్పేశాడన్నమాట. ఇక్కడ గృహప్రవేశంలో ఆడబిడ్డలకు ఒడిబియ్యం పోస్తారు. కొంగులో బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, రవికె గుడ్డ. మా వైపు చీర పెట్టి ఊరుకుంటాం. అయిదుగురు ముత్తైదువులు దోసిళ్లతో కొంగులో బియ్యం పోస్తుంటే ఆ బరువుకు నడుం వంగింది. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాటి దావత్‌కు మేకను కూడా తెచ్చి కట్టేశారు. వ్రతం జరిగే ఇంటి వెనకాలే మేకను చూసి నేను విస్తుపోతే, "ఇయ్యాల దేవునికి, రేపు మనకు," అంది స్వరూప.

అదంతా తర్వాతి సంగతి. అంతకుముందు, పొద్దున్న ఆరూ పది అయింది. పాలగిన్నె, పొయ్యి సిద్ధం. నేను పట్టుచీరలో నిలబడ్డాను. పంతులుగారు, "యజమానిని పిలవండమ్మా," అన్నారు.

యజమాని లేడు. పక్కగదిలో లేడు, మేడ మీద లేడు. మా ఆయనా లేరు. స్వరూపా నేనూ గబగబా బయటికొచ్చాం. సందు చివర మా కారు బానెట్ ఎత్తి ఉంది. కింద నుంచి రెండు జతల కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. ఒక జతకు పట్టుపంచె. స్విచ్చు వేసే పని లేకుండా, ఆయిల్ వేడెక్కగానే ఫ్యాను దానంతటదే తిరిగేలా తెల్లారుజామున అయిదు నుంచి ఏదో బిగిస్తున్నారట.

నేను అరిచిన అరుపుకు అటు ఇటు ఇళ్లవాళ్లు బయటికొచ్చారు. రెండు రోజులుగా నోరు మూసుకున్నదంతా అప్పుడే వచ్చింది. లాడ్జి, ట్రాలీ ఆటో, సూది, వేడిగాలి, అన్నీ కలిపి తిట్టాను. స్వరూప అరుగు మీద కూర్చుని నవ్వుతూ నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వదినా, ఈళ్లు మాట్లాడకున్నప్పుడే మంచిగుండె!"

పంతులుగారు గడియారం చూపిస్తుండగా ఇద్దరూ సబ్బుతో చేతులు తోముకుని పరుగెత్తుకొచ్చారు. ఆరూ ఇరవైకి పాలు పొంగాయి. యజమాని దణ్ణం పెట్టిన చేతుల గోళ్లన్నీ నల్లగా ఉన్నాయి. పంతులుగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

ఆదివారం తిరిగొచ్చాం. ఎక్కడ ట్రాఫిక్ ఆగినా ఫ్యాను దానంతటదే తిరిగింది, దానంతటదే ఆగింది. అది తిరిగిన ప్రతిసారీ మా ఆయన కారు పక్కకు ఆపి శ్రీనుకు ఫోన్ చేసి చెప్పారు. అలా ఏలూరు చేరేసరికి రాత్రి భోజనాల వేళయింది. ఇది జరిగి మూడు వారాలు. శ్రీను రోజూ పొద్దున్నే నా నెంబరుకే చేస్తాడు. ఎత్తగానే, "అక్కా, బావకియ్యి," అంటాడు. నేనెలా ఉన్నానని ఇంతవరకు ఒక్కసారీ అడగలేదు.